మ్యాన్‌పవర్ ఏజెన్సీ నడుపుతున్నాను, కానీ మా సంస్థ ఎందుకు ఉందో ఒక్క వాక్యంలో రాయలేకపోతున్నాను

ఉప్పల్_ఏజెన్సీ
తొమ్మిదేళ్లుగా ఉప్పల్‌లో మ్యాన్‌పవర్ ఏజెన్సీ నడుపుతున్నాను. ప్రస్తుతం మా జాబితాలో 340 మంది ఉన్నారు. జీడిమెట్ల, పటాన్‌చెరు ఫ్యాక్టరీల్లో ప్యాకింగ్, లోడింగ్ పనులు చేసేవాళ్లే ఎక్కువ, మిగతావాళ్లు మేడ్చల్ దారిలోని గోదాముల్లో ఉన్నారు. పోయిన నెల ఒక కంపెనీ వెండర్ (సరఫరాదారు) నమోదు కోసం ఫారం పంపింది. అందులో "మీ సంస్థ వ్యాపార ఉద్దేశాన్ని ఒక్క వాక్యంలో తెలపండి" అని ఒక గడి ఉంది. "నాణ్యమైన మానవ వనరులను సకాలంలో అందించడం" అని అలవాటుగా రాసి పక్కన పెట్టాను.

అదే వారం మా దగ్గర ప్యాకింగ్‌లో ఉన్న ఒక కుర్రాడు కూతురి స్కూలు దరఖాస్తు పట్టుకుని ఆఫీసుకు వచ్చాడు. అన్నీ నింపాడు గానీ "తండ్రి పనిచేసే సంస్థ" అనే గడి మాత్రం ఖాళీగా ఉంది. "సార్, ఇక్కడ కంపెనీ పేరు రాయాలా, మన ఏజెన్సీ పేరు రాయాలా? కంపెనీ పేరు రాస్తే రేపు వాళ్లు మా మనిషి కాదంటారు. మన పేరు రాస్తే ఆ ఏజెన్సీలో నువ్వేం చేస్తావని స్కూల్లో అడుగుతారు" అన్నాడు. మా పేరే రాయమని చెప్పి, ముద్ర వేసి, సంతకం పెట్టి పంపించాను. అతను వెళ్లిపోయాక నా ఫారం తీసి, అంతకుముందు రాసిన వాక్యం కొట్టేశాను. అప్పటి నుంచి ఆ గడి ఖాళీగానే ఉంది. అలంకారం కోసం అడగడం లేదు. ఈ వ్యాపారానికి నిజంగా అర్థవంతమైన ఉద్దేశం ఉంటుందా, ఉంటే దాన్ని ఎలా తేల్చుకోవాలి? ఈ రంగంలో ఉన్నవాళ్లు, ఈ రంగం చేతిలో నలిగినవాళ్లు కూడా చెప్పండి.

పేరోల్_పద్మ
ఉద్దేశం ఏమిటో ఏడో తారీఖున తెలుస్తుంది. పదహారేళ్లుగా వేర్వేరు ఏజెన్సీల్లో జీతాల పట్టీలు వేస్తున్నాను. కంపెనీ నుంచి బిల్లు డబ్బు రాకపోయినా ఏడో తారీఖుకల్లా జీతాలు వేసిన యజమానిని చూశాను, డబ్బు వచ్చినా ఇరవై దాకా ఆపుకున్న యజమానినీ చూశాను. ఇద్దరి ఆఫీసు గోడల మీదా దాదాపు ఒకే వాక్యం ఉండేది.

నిర్వహణ_పాఠాలు
ఈ రంగం పుట్టుకలోనే కొంత సమాధానం ఉంది. 1948లో అమెరికాలోని మిల్వాకీలో ఎల్మర్ వింటర్, ఆరన్ షైన్‌ఫెల్డ్ అనే ఇద్దరు న్యాయవాదులకు కోర్టుకు ఇవ్వాల్సిన పత్రాలు టైపు చేసే మనిషి సమయానికి దొరకలేదు. తమకు వచ్చిన ఇబ్బంది అందరికీ వస్తుందన్న ఆలోచనతో వాళ్లు మ్యాన్‌పవర్ సంస్థను పెట్టారు.  మన దేశంలో 2002లో మొదలైన టీమ్‌లీజ్ "భారతదేశాన్ని పనిలో పెట్టడం" అనే అర్థం వచ్చే మాటను తన నినాదంగా పెట్టుకుంది. మొదటిది పని ఇచ్చేవాడి అవసరం వైపు నుంచి పుట్టింది, రెండోది పని కావలసినవాడి వైపు చూస్తుంది. ఉప్పల్ గారు ముందుగా తన వాక్యం ఎవరి వైపు నుంచి మొదలవుతుందో తేల్చుకోవాలి.

ఉప్పల్_ఏజెన్సీ
మొదటి ప్రయత్నం పెడుతున్నాను: "నైపుణ్యానికీ అవకాశానికీ మధ్య నమ్మకమైన వారధిగా నిలవడం."

పేరోల్_పద్మ
ఈ వాక్యం కింద మీ ఏజెన్సీ పేరు తీసేసి నేను పనిచేసిన ఐదు ఏజెన్సీల్లో ఏ పేరు పెట్టినా సరిపోతుంది. జీతాలు ఎగ్గొట్టి షట్టరు దించేసిన ఏజెన్సీకి కూడా సరిపోతుంది.

జీడిమెట్ల_ఆపరేటర్
నేను వారధికి అవతల ఉన్న మనిషిని కాబట్టి నా సంగతి రాస్తాను. పదకొండేళ్లుగా ఒకే ఫ్యాక్టరీలో ఒకే బాట్లింగ్ యంత్రం దగ్గర నిలబడుతున్నాను. ఈ పదకొండేళ్లలో ఏజెన్సీలు నాలుగు మారాయి, యంత్రం మారలేదు. టెండరు మారినప్పుడల్లా పాత ఏజెన్సీ నుంచి తీసేసినట్టు, కొత్త ఏజెన్సీలో ఆ రోజే చేరినట్టు కాగితాలు రాస్తారు. అందువల్ల ఐదేళ్ల సర్వీసు ఎక్కడా పూర్తి కాలేదు, గ్రాట్యుటీ రాలేదు. నా యూఏఎన్ (మనిషికి ఒక్కటే ఉండే పీఎఫ్ నంబరు) కింద నాలుగు పీఎఫ్ ఖాతాలు ఉన్నాయి. రెండో ఏజెన్సీ మా నాన్న పేరు తప్పుగా ఎక్కించింది, మూడోది నేను మానేసిన తేదీని నమోదు చేయలేదు. చెల్లెలి పెళ్లికి పీఎఫ్ తీసుకుందామని పోతే ఆ రెండు తప్పులూ సరిచేయించడానికే ఎనిమిది నెలలు పట్టింది. రెండో ఏజెన్సీ ఆఫీసు ఉన్న చోటికి పోతే అక్కడ టైర్ల దుకాణం ఉంది.

ఉద్దేశం గురించి మీరు ఎంత మంచి మాట రాసినా సరే, నా తండ్రి పేరు సరిగ్గా రాయగలరా అని నేను అడుగుతాను.

ఉప్పల్_ఏజెన్సీ
మీ పోస్టు చదివి, ఈ రోజు మా 340 మంది వివరాలూ ఆధార్‌తో సరిపోల్చి చూడమని మా అమ్మాయికి చెప్పాను. సాయంత్రానికి 120 మందివి చూసింది, 17 మందివి తప్పుగా ఉన్నాయి. మీకు జరిగినది మా వాళ్లలో 17 మందికి జరగడానికి సిద్ధంగా ఉందని ఇన్నాళ్లూ నాకు తెలియదు.

కొనుగోలు_విభాగం
నేను బల్లకు అటువైపు కూర్చునేవాడిని, ఒక తయారీ సంస్థలో ఏజెన్సీల టెండర్లు చూస్తాను. నిజం చెప్పడం మంచిది కాబట్టి చెబుతున్నాను. వెండర్ ఫారంలో ఆ ఉద్దేశం గడిని మేం చదవము. లైసెన్సు, పీఎఫ్, ఈఎస్‌ఐ చలాన్లు, జీఎస్టీ, చివరికి రేటు చూస్తాం. ఎవరు తక్కువ వేస్తే వారు ఎల్-1, అంటే టెండరు వారికే. నా అభిప్రాయంలో ఉప్పల్ గారు ఉద్దేశం కోసం ఇంత మథనపడనవసరం లేదు. చట్టం ప్రకారం నడిపితే చాలు, అదే గొప్ప ఉద్దేశం.

లెక్కల_మాస్టారు
కొనుగోలు విభాగం వారి మాటతో ఒప్పుకోలేను. ఎందుకో అంకెల్లో చూపిస్తాను, ఎందుకంటే ఈ వ్యాపారంలో ఉద్దేశం దాక్కునేది సేవా రుసుములోనే.

ఉదాహరణకు ఒక కార్మికుడి నెల వేతనం 14,000 అనుకుందాం. దాని మీద యజమాని వాటా పీఎఫ్, బీమా, నిర్వహణ ఖర్చులు కలిపి 13 శాతం చొప్పున 1,820. ఈఎస్‌ఐ 3.25 శాతం చొప్పున 455. బోనస్ 8.33 శాతం చొప్పున 1,166. మొత్తం 17,441. దాని మీద ఏజెన్సీ 5 శాతం సేవా రుసుము వేసుకుంటే 872. బిల్లు 18,313, దాని మీద 18 శాతం జీఎస్టీ అంటే మరో 3,296. ఏజెన్సీ కంపెనీగా నమోదై ఉంటే బిల్లులో 2 శాతం, అంటే 366, టీడీఎస్‌గా పట్టుకుంటారు. అది రిటర్ను వేశాక గానీ తిరిగి రాదు.

ఇప్పుడు ఉప్పల్ గారి 340 మందికి లెక్క వేయండి. నెలకు దాదాపు 59.3 లక్షలు చేతిలోంచి వెళ్తాయి. జీతాలు 7వ తేదీలోపు, పీఎఫ్, ఈఎస్‌ఐ 15లోపు, జీఎస్టీ 20లోపు కట్టాలి. కంపెనీ బిల్లు 60 రోజులకు ఇస్తే సుమారు 1.19 కోట్లు ఎప్పుడూ బయటే ఉంటాయి. దానికోసం బ్యాంకులో వాడే ఓడీ (ఓవర్‌డ్రాఫ్ట్) మీద ఏడాదికి 12 శాతం వడ్డీ అనుకుంటే నెలకు 1.19 లక్షలు. మొత్తం సేవా రుసుము 2.96 లక్షలే. అంటే అందులో దాదాపు 40 శాతం బ్యాంకుకే పోతుంది. ఆఫీసు అద్దె, సూపర్‌వైజర్లు, బైకు పెట్రోలు ఇంకా లెక్కలోకి రాలేదు.

ఇలాంటి పరిస్థితిలో ఒక ఏజెన్సీ వచ్చి సేవా రుసుము సున్నా అని టెండరులో రాస్తుంది. మరి ఆ ఏజెన్సీ దేనితో బతుకుతుంది? చేరేటప్పుడు కార్మికుడి దగ్గర తీసుకునే రిజిస్ట్రేషన్ డబ్బుతో, యూనిఫాం పేరుతో పట్టుకునేదానితో, యజమాని కట్టాల్సిన పీఎఫ్ వాటాను కూడా అతని జీతంలోంచే కోసుకోవడంతో, ఓవర్‌టైమ్ గంటలు బిల్లులో ఒకలా జీతపు పట్టీలో మరొకలా రాయడంతో బతుకుతుంది. ఎల్-1గా ఆ సంస్థను ఎంచుకున్నవారికి ఈ సంగతి తెలియదని నేను అనుకోను.

కొనుగోలు_విభాగం
తెలియదని నేనూ అనను. మా ఆడిట్‌లో చలాన్లు సరిగ్గా ఉంటే అంతటితో ఆగిపోతాం. ఎక్కువ రేటు ఉన్నవారిని ఎందుకు తీసుకున్నావని పైవాళ్లు అడిగినప్పుడు నేను చూపించడానికి ఏదైనా ఉండాలి. "వారధి" అన్న మాట చూపించలేను. కానీ పన్నెండు నెలలు వరుసగా 7వ తేదీలోపు జీతాలు పడ్డ బ్యాంకు వివరం ఇస్తే అది చూపించగలను. నా ముందు పోస్టును ఆ మేరకు సవరించుకుంటున్నాను.

న్యాయరేఖ
కొనుగోలు విభాగం వారు "చట్టం ప్రకారం నడిపితే చాలు" అన్నారు కాబట్టి చట్టం ఏమంటుందో చూద్దాం. 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టం ప్రకారం కాంట్రాక్టరు జీతం ఇవ్వకపోతే ప్రధాన యజమానే, అంటే పని చేయించుకునే కంపెనీయే, ఇవ్వాలని ఉండేది. 2025 నవంబరు 21 నుంచి నాలుగు కార్మిక స్మృతులు (లేబర్ కోడ్‌లు) అమల్లోకి వచ్చాయి. వాటిలో వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల స్మృతి ఆ పాత చట్టం స్థానంలోకి వచ్చింది. కాంట్రాక్టు కార్మికుల నిబంధనలు ఇదివరకు 20 మంది ఉన్నచోట వర్తించేవి, ఇప్పుడు 50 మంది ఉన్నచోట వర్తిస్తాయి. నియామక పత్రం ఇవ్వడం తప్పనిసరి అయింది. నిర్ణీత కాల ఉద్యోగులకు ఏడాది సర్వీసుకే గ్రాట్యుటీ హక్కు వచ్చింది.

అయితే ఈ చర్చకు అన్నిటికన్నా పనికొచ్చేది ఆ స్మృతిలోని ఒక నిర్వచనం. కాంట్రాక్టరు తన దగ్గరే క్రమబద్ధంగా నియమించుకుని, ఇరుపక్షాలూ అంగీకరించిన సర్వీసు నియమాలతో, ఎప్పటికప్పుడు ఇంక్రిమెంటుతో, సామాజిక భద్రతతో ఉంచుకున్న మనిషిని చట్టం "కాంట్రాక్టు కార్మికుడు" అనే లెక్కలోంచి తీసేసింది. అంటే మనుషులను పంపే సంస్థలు రెండు రకాలుగా ఉండవచ్చని చట్టమే చెబుతోంది. ఒకటి మనుషులను సరఫరా చేసేది, రెండోది వాళ్లకు నిజంగా యజమానిగా ఉండి వాళ్ల సేవను మరొకరికి అందించేది. ఉప్పల్ గారి దగ్గరకు స్కూలు దరఖాస్తుతో వచ్చిన కుర్రాడు అడిగింది ఈ ప్రశ్ననే. మీరు ఈ రెంటిలో ఏది కాదలచుకున్నారో తేల్చుకోకుండా వాక్యం రాయడం కుదరదు.

గాజువాక_రమణ
పరవాడ ఫార్మా కంపెనీలకు మనుషులను పంపుతాను. న్యాయరేఖ గారు చెప్పింది వినడానికి బాగుంది, కానీ ఏడాది టెండరు మీద నడిచే నాలాంటివాడు ఇంక్రిమెంటు ఎలా ఇస్తాడు? వచ్చే ఏడాది ఆ కాంట్రాక్టు నాకే వస్తుందన్న భరోసా లేదు. 60 మందికి శాశ్వత యజమానిగా ఉంటానని మాట ఇచ్చి, టెండరు పోయాక వాళ్లను ఎక్కడ పెట్టాలి? మాట ఇచ్చి తప్పడం కంటే, ఇవ్వగలిగినంతే ఇవ్వడం మేలు అని నా నమ్మకం.

న్యాయరేఖ
రమణ గారి ఇబ్బంది నిజమైనదే. అందరూ రెండో రకం కావాలని నేను అనడం లేదు. మొదటి రకంగా ఉంటూ రెండో రకం మాటలు గోడ మీద రాయవద్దని మాత్రమే అంటున్నాను.

జగిత్యాల_గల్ఫ్
నేను 2014లో దుబాయ్ పోయాను. మన దేశంలో విదేశీ ఉద్యోగాలకు మనుషులను పంపే ఏజెంటుకు 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద లైసెన్సు ఉండాలి. కార్మికుడి దగ్గర తీసుకునే సేవా రుసుము మీద పరిమితి కూడా ఉంది, ఇప్పుడది 30,000, పన్ను అదనం. నా దగ్గర తీసుకున్నది 85,000. రసీదు ఇవ్వలేదు. మా అమ్మ పుస్తెలతాడు కుదువ పెట్టి కట్టాం. అక్కడికి చేరాక చెప్పిన పని లేదు, చెప్పిన జీతం లేదు. తిరిగి వచ్చి ఏజెంటును అడిగితే "నేను పంపిస్తానన్నాను, పంపించాను" అన్నాడు. ఆలోచించి చూస్తే అతని వ్యాపార ఉద్దేశం అదే, దానికి అతను కట్టుబడి ఉన్నాడు. విమానం ఎక్కించడంతో అతని పని పూర్తయింది.

అందుకే నాది ఒకటే మాట. పని వెతుక్కునేవాడి దగ్గర డబ్బు తీసుకునే సంస్థకు ఎంత మంది దిగితే అంత లాభం, దిగినవాడు నిలిచాడా పోయాడా అన్నది దానికి పట్టదు. ఉప్పల్ గారు తన వాక్యంలో ముందు ఆ ఒక్కటి తేల్చాలి.

నిర్వహణ_పాఠాలు
జగిత్యాల గారు చెప్పింది అంతర్జాతీయంగా కూడా ఒప్పుకున్న సూత్రం. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1997లో చేసిన 181వ ఒప్పందం, ప్రైవేటు ఉద్యోగ ఏజెన్సీలు కార్మికుల నుంచి నేరుగా గానీ పరోక్షంగా గానీ రుసుము తీసుకోకూడదని చెబుతుంది. భారతదేశం దాన్ని ఆమోదించలేదు. అయినా ఒక సంస్థ తనంతట తాను పాటించడానికి ఎవరూ అడ్డు చెప్పరు.

ఉప్పల్_ఏజెన్సీ
మేం రిజిస్ట్రేషన్ డబ్బు తీసుకోము. అయితే లెక్కల మాస్టారు గారి పోస్టు చదివాక మా సూపర్‌వైజర్లను ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి అడిగాను. ఒకతను కొత్తగా చేరినవాళ్ల దగ్గర మనిషికి 500 చొప్పున తీసుకుంటున్నాడని తెలిసింది. ఆ డబ్బు మా ఖాతాలోకి రాలేదు, కానీ తీసుకున్నది మా పేరు మీద. తీసుకున్న 23 మందికీ నేనే తిరిగి ఇచ్చేశాను.

రెండో ప్రయత్నం: "పని కోసం మా దగ్గరకు వచ్చిన మనిషి నుంచి ఒక్క రూపాయి తీసుకోకుండా, చెప్పిన జీతాన్ని చెప్పిన రోజున అందిస్తూ, సంస్థలకు మనుషులను సమకూర్చడం."

పేరోల్_పద్మ
ఇది నాకు నచ్చింది. మోసం చేసే ఏజెన్సీ ఈ వాక్యాన్ని తన గోడ మీద రాయలేదు, రాస్తే మర్నాడే ఎవరో ఒకరు వేలెత్తి చూపిస్తారు.

డాలస్_తెలుగబ్బాయి
నాకు నచ్చలేదు. అందులో ఉన్నదంతా చేయకూడనివాటి పట్టిక, అది ఎవరైనా పాటించవలసిన కనీస మర్యాద. ఉద్దేశం అనేది అక్కడి నుంచి మొదలవ్వాలి కదా.

అమెరికాలో మన తెలుగువాళ్లు నడిపే ఐటీ కన్సల్టెన్సీలూ ఇదే వ్యాపారంలో ఉన్నాయి. హెచ్-1బీ మీద ఉన్న ఉద్యోగిని ప్రాజెక్టు లేదన్న కారణంతో జీతం లేకుండా బెంచి మీద ఉంచకూడదని అక్కడి చట్టం. అయినా నా మొదటి కన్సల్టెన్సీ ఏడు వారాలు జీతం ఇవ్వలేదు. ఒక గెస్ట్‌హౌస్‌లో ఆరుగురం ఉండేవాళ్లం. పొద్దున లేచి ఒకరి తర్వాత ఒకరం అదే బల్ల దగ్గర ఫోన్ ఇంటర్వ్యూలు ఇచ్చేవాళ్లం, రాత్రికి ఇంటికి ఫోన్ చేసి ప్రాజెక్టు బాగుందని చెప్పేవాళ్లం. తర్వాత మారిన సంస్థ చిన్నది. అందులో మూడు నెలలు బెంచి మీద ఉన్నాను, మూడు నెలలూ జీతం పడింది. అంతే కాకుండా, ఆ మూడు నెలల్లో క్లౌడ్ సర్టిఫికేషన్ చేయమని పరీక్ష ఫీజు కూడా వాళ్లే కట్టారు. మొదటి సంస్థ నన్ను గంటల లెక్కన అమ్మే సరుకుగా చూసింది. రెండోది నా విలువ పెంచితే తన విలువ పెరుగుతుందని అర్థం చేసుకుంది. ఉప్పల్ గారి వాక్యంలో ఆ రెండో భాగం లేదు. మీ దగ్గర ప్యాకింగ్‌లో చేరిన మనిషి మూడేళ్ల తర్వాత కూడా ప్యాకింగ్‌లోనే, అదే జీతంతో ఉంటే మీ సంస్థ ఉండి అతనికి ఏం ఒరిగింది?

గాజువాక_రమణ
ఐటీ బిల్లు రేట్లు వేరు, మా రేట్లు వేరు. మాస్టారు చూపించిన 872 రూపాయల్లోంచి సర్టిఫికేషన్ ఫీజులు కట్టించడం సాధ్యమా?

లెక్కల_మాస్టారు
ఫీజులు కట్టడం కష్టమే. కానీ ఖర్చు లేనివి కూడా ఉన్నాయి. ఫోర్క్‌లిఫ్ట్ నడపడం నేర్చుకోవాలనుకునే లోడింగ్ కుర్రాడిని సీనియర్ ఆపరేటర్ పక్కన నెల రోజులు పెట్టించమని కంపెనీని అడగడానికి డబ్బు అక్కర్లేదు. అలాగే 872ను కాపాడుకునే దారి కూడా ఉంది. ఉద్యమ్ (చిన్న సంస్థల కోసం ప్రభుత్వం పెట్టిన నమోదు) ఉన్న సూక్ష్మ, చిన్న సంస్థలకు 2006 ఎంఎస్‌ఎంఈడీ చట్టం ప్రకారం కొనుగోలుదారు గరిష్ఠంగా 45 రోజుల్లో చెల్లించాలి, ఆలస్యమైతే చక్రవడ్డీ కట్టాలి. 60 రోజులు 45కు తగ్గితే, ఉప్పల్ గారికి నెలకు దాదాపు 30,000 వడ్డీ మిగులుతుంది. ఆ డబ్బుతో ఏం చేయాలన్నది ఉద్దేశమే చెప్పాలి.

నర్సు_సుజాత
ఆసుపత్రులకు నర్సులను పంపే ఏజెన్సీ ద్వారా మూడేళ్లు పనిచేశాను. మా జీతాలు సమయానికే వచ్చేవి, రిజిస్ట్రేషన్ డబ్బు కూడా తీసుకోలేదు. కానీ చేరిన రోజే ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసుకుని బీరువాలో పెట్టుకున్నారు. రెండో ఏడాది ఆ ఆసుపత్రే నన్ను శాశ్వత ఉద్యోగంలోకి తీసుకుంటామంది. మా మనిషిని తీసుకోవాలంటే రెండు నెలల జీతమంత కట్టాలని ఏజెన్సీ అడిగింది, ఆసుపత్రి వెనక్కి తగ్గింది. నాకు ఆ విషయం ఆరు నెలల తర్వాత తెలిసింది. అప్పటికి ఆ పోస్టులో వేరే అమ్మాయి చేరింది.

కాబట్టి డాలస్ గారు అన్న ఎదుగుదల వాక్యంలో పెట్టేముందు ఉప్పల్ గారు తన కాంట్రాక్టు కాగితం తీసి చూసుకోవాలి. మీ దగ్గర ఉన్నంతకాలమే ఎదగాలా, మీ దగ్గర నుంచి వెళ్లిపోతూ కూడా ఎదగవచ్చా?

కొనుగోలు_విభాగం
ఏజెన్సీ వైపు నుంచి కూడా ఒక మాట చెప్పాలి. మనిషిని వెతికి, చేర్పించి, నిలబెట్టిన ఖర్చు ఏజెన్సీది. మేం ఉచితంగా లాక్కుంటే అది న్యాయం కాదు. చాలా ఒప్పందాల్లో ఆ నిబంధన ఉండటానికి కారణం అదే.

నర్సు_సుజాత
కారణం ఉండవచ్చు. నాకు చెప్పకుండా దాచడానికి మాత్రం కారణం లేదు.

జీడిమెట్ల_ఆపరేటర్
ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ ఔట్‌సోర్సింగ్ ఉద్యోగుల కోసం 2020 జులైలో ఆప్కాస్ అనే ప్రభుత్వ కార్పొరేషన్‌ను ప్రారంభించింది ఏజెన్సీల కోతలు, కమీషన్లు తట్టుకోలేకనే. అక్కడ ప్రైవేటు ఏజెన్సీ మధ్యలో లేకుండానే పని నడిచింది. మధ్యలో ఏజెన్సీ లేకపోతే ఎవరికి నష్టం అన్న ప్రశ్నకు ఉప్పల్ గారు సమాధానం చెప్పగలిగితే, దాన్నే ఉద్దేశంగా రాసుకోవచ్చు.

ఉప్పల్_ఏజెన్సీ
ఆపరేటర్ గారి ప్రశ్నకు రెండు రోజులు సమాధానం దొరకలేదు. మూడో రోజు మా పాత రిజిస్టర్లు తీశాను. ఈ తొమ్మిదేళ్లలో మా ద్వారా పనిలో చేరినవాళ్లు 2,100 పైచిలుకు. అందులో చాలామంది నల్గొండ, మహబూబ్‌నగర్, శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవాళ్లు, నగరంలో ఎవరూ తెలియనివాళ్లు. ఫ్యాక్టరీ గేటు దగ్గర నిలబడితే సెక్యూరిటీ లోపలికి రానివ్వడు. మేం లేకపోతే నష్టపోయేది మొదటిసారి గేటు దాటవలసిన ఆ మనిషి. అతనికి మా అవసరం మొదటి రెండు మూడేళ్లే. ఆ తర్వాత కూడా అతన్ని మా జాబితాలోనే పట్టి ఉంచితే, మేం అతని మీద బతుకుతున్నట్టే. తొమ్మిదేళ్లుగా నేను జాబితా పెరగడాన్నే విజయం అనుకున్నాను.

సుజాత గారు చెప్పినట్టు కాంట్రాక్టు కాగితం కూడా తీశాను. పన్నెండో నిబంధన అదే, రెండు నెలల జీతం. ఎవరో ఇచ్చిన నమూనాలోంచి మక్కీకి మక్కీ దించినది. దాన్ని మార్చాను. ఏడాది పూర్తి చేసిన మనిషిని కంపెనీ శాశ్వతంగా తీసుకుంటానంటే రుసుము లేదు. ఏడాదిలోపు అయితే 15 రోజుల సేవా రుసుము మాత్రమే, అది కూడా కార్మికుడికి తెలియజేసిన తర్వాతే.

మూడో ప్రయత్నం: "నగరంలో తెలిసినవాళ్లు లేని మనిషికి మొదటి గేటు తెరిపించడం, అతని దగ్గర రూపాయి తీసుకోకుండా, 7వ తేదీ దాటకుండా జీతం ఇస్తూ యజమానిగా నిలబడటం, మూడేళ్లలోపు అతను మా అవసరం లేని ఉద్యోగానికి చేరేలా చూడటం."

డాలస్_తెలుగబ్బాయి
ఇప్పుడు ఒప్పుకుంటాను. మూడేళ్లు అని అంకె పెట్టారు కాబట్టి, ఎంతమంది వెళ్లారో ఏటా లెక్కపెట్టవచ్చు.

గాజువాక_రమణ
మంచి మనుషులందరూ మూడేళ్లకు వెళ్లిపోతే మీ దగ్గర నిలిచేది ఎవరు? కంపెనీ మీకు మళ్లీ కాంట్రాక్టు ఎందుకిస్తుంది? నాకు ఈ వాక్యం అందంగా ఉంది గానీ దీని మీద బ్యాంకు లోను రాదు.

కొనుగోలు_విభాగం
రమణ గారికి నేను సమాధానం చెబుతాను. మాకు అన్నిటికన్నా ఎక్కువ నష్టం కలిగించేది చేరిన నెలకే మానేసే మనిషి. శిక్షణ వృథా, సరుకు వృథా, ఒక్కోసారి ప్రమాదం కూడా. మూడేళ్లు నిలిచే మనిషిని ఇచ్చే ఏజెన్సీ మాకు దొరకడం లేదు. అందులో కొందరిని రుసుము లేకుండా శాశ్వతం చేసుకోవచ్చంటే, నేను 5 శాతానికి బదులు 6 శాతం కోసం పైవాళ్లతో వాదించగలను. గెలుస్తానని చెప్పను.

న్యాయరేఖ
వాక్యంలో "యజమానిగా నిలబడటం" అన్నారు. ఆ మాట రాశాక నియామక పత్రంలో, గుర్తింపు కార్డు మీద, పే స్లిప్ మీద మీ పేరే యజమానిగా ఉండాలి. ప్రమాదం జరిగితే కంపెనీ వైపు చేయి చూపించడం కుదరదు. అంగీకారమేనా?

ఉప్పల్_ఏజెన్సీ
అంగీకారమే. పే స్లిప్ తెలుగులో ముద్రించే ఏర్పాటు చేశాం. పీఎఫ్‌లో యజమాని వాటా వేరు గడిలో, కార్మికుడి వాటా వేరు గడిలో ఉంటాయి. మిగిలిన 220 మంది వివరాలూ సరిచూడటం పూర్తయింది, మొత్తం తప్పులు 41. సవరణ దరఖాస్తులు పెట్టాం. వెండర్ ఫారం మూడో వాక్యంతో పంపేశాను. ఆ గడి వాళ్లు చదవరని ఇక్కడే తెలిసింది కాబట్టి, అదే వాక్యాన్ని నియామక పత్రం మొదటి పేరాగా పెట్టాను. అది మా వాళ్లు చదువుతారు.

జీడిమెట్ల_ఆపరేటర్
మీ నియామక పత్రం నమూనా ఇక్కడ పెట్టండి. మా యూనియన్‌లో చూపించి, మా ఏజెన్సీని కూడా ఇలాంటిది ఇమ్మని అడుగుతాం.

ఉప్పల్_ఏజెన్సీ
ఆదివారంలోగా పెడతాను.

పేరోల్_పద్మ
ఒక్క సందేహం మిగిలింది. 7వ తేదీ ఆదివారమో, బ్యాంకు సెలవో అయితే జీతం ఎప్పుడు వేస్తారు? పత్రంలో అది రాయలేదు. నేను చూసిన ఆలస్యాలన్నీ అక్కడి నుంచే మొదలయ్యాయి.

ఉప్పల్_ఏజెన్సీ
ముందు రోజే. ఇప్పుడే పత్రంలో చేర్చాను.